నెత్తుటి తోపులాట

యూనివర్సిటీ గేటుకు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి ఆధార్ కార్డు కాపీ కోసం వెళ్లాను. నాకంటే ముందు నలభై ఏళ్ల పెద్దమనిషి ఒకాయన కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, షాపు కుర్రాడితో మాట్లాడుతున్నాడు.

"ఎంతొచ్చింది?"

"అరవై రెండు సార్."

"అమ్మో! ఎంతకు దిగుతుంది?"

"ఎనిమిదికి దించేస్తా. రెండ్రోజులు టైమివ్వండి."

జ్వరమైతే అరవై రెండు రాదు. బరువైతే రెండు రోజుల్లో ఎనిమిది కిలోలకు దిగదు, కాష్ఠం మీద పెడితే తప్ప. ఆయన వెళ్లాక కుర్రాడే చెప్పాడు, అది ఆయన పీహెచ్‌డీ థీసిస్ తాలూకు పర్సంటేజీ అట. నాలుగేళ్లు చెమటోడ్చి రాసిన గ్రంథంలో నూటికి అరవై రెండు పాళ్లు అంతకుముందే ఎవరెవరో రాసేసి ఉన్నారని యంత్రం తేల్చింది. ఈయన రాయబోయేది ముందే పసిగట్టి పాతికేళ్ల కిందటే కాపీ కొట్టేశారన్నమాట, దుర్మార్గులు.

తలెత్తి బోర్డు చూశాను. లామినేషన్, స్పైరల్ బైండింగ్, ప్లేజియారిజం రిమూవల్, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. మరక తీసినట్టు, పులిపిరి తీసినట్టు, గ్రంథచౌర్యం కూడా తీస్తారు. నొప్పి ఉండదు.

అరవై రెండుకు ఆయన అంతలా ఉలిక్కిపడటానికి కారణం ఉంది. 2018లో యూజీసీ దొంగరాతలకు శ్లాబులు కట్టింది. పది శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. పది దాటి నలభై దాకా అయితే ఆర్నెల్లలోపు దిద్దుకుని రావాలి. నలభై నుంచి అరవై దాకా అయితే ఏడాది పాటు థీసిస్ ఇవ్వకూడదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మన పెద్దమనిషి రెండు శాతం తేడాతో ఉరికంబం ఎక్కి ఉన్నాడు. ఆదాయపు పన్ను శ్లాబులు చూసి జీతం సర్దుకున్నట్టే ఇదీ. ఆధారం చూపించి ఉటంకించినదాన్ని లెక్కలోంచి తీసేయమని ఆ నిబంధనల్లోనే ఉంది, నిజానికి ఉద్దేశం మంచిదే. కానీ మనవాళ్లకు అర్థమైంది వేరు: రైల్లో ఉచితంగా తీసుకెళ్లనిచ్చే సామానులాగా, మూడువందల పేజీల థీసిస్‌లో ముప్పై పేజీల పరాయి సొత్తు ఎవరూ అడగకుండా పట్టుకుపోవచ్చు. అది వదిలేసుకుంటే నష్టం కదా!

కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని పని మొదలెట్టాడు. తెలుగు నవలల్లో కుటుంబ జీవనం మీద థీసిస్. "తండ్రి రక్తపోటుతో మంచం పట్టాడు" అని ఉంది. ఎవరి వాక్యమో ఏమో, ఎర్రరంగు పూసుకుని కూర్చుంది. రెండు నిమిషాల్లో అది "జనకుడు నెత్తుటి తోపులాటతో పర్యంకం గ్రహించాడు" అయింది. ఎరుపు పోయి తెలుపొచ్చింది. నేను నోరు తెరిచేలోగా విశ్వనాథ సత్యనారాయణ లోకపతి నిజనారాయణ అయ్యాడు. 'వేయిపడగలు' కాస్తా 'పది వందల పడగలు' అయింది. ఆ నవలను హిందీలోకి తెచ్చినప్పుడు పీవీ నరసింహారావు 'సహస్రఫణ్' అని పేరు పెట్టారు, పాపం ఆయనకు కూడా ఈ ఉపాయం తట్టలేదు. పది వందల పడగలు అనే నవల మీద ప్రపంచంలో ఎక్కడా ఎవరూ ఒక్క వాక్యం రాసి ఉండలేదు. అంచేత అది నూటికి నూరుపాళ్లు స్వతంత్ర పరిశోధన.

నవ్వుకుని ఊరుకునేవాణ్ణే గానీ ఈ విద్య ఒక్క మా ఊరిది కాదు. 2021లో గియోమ్ కబానాక్ అనే ఫ్రెంచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త, మరో ఇద్దరు తోటివారు కలిసి ఇంగ్లిషు సైన్సు జర్నళ్లలో ఇలాంటి మాటల్ని వేటాడారు. కృత్రిమ మేధను 'నకిలీ స్పృహ' అన్నారు. బిగ్ డేటాను 'బ్రహ్మాండమైన సమాచారం' అన్నారు. రొమ్ము క్యాన్సర్ 'ఎద గండం' అయింది. కిడ్నీ ఫెయిల్యూర్ అన్నచోట 'మూత్రపిండాల నిరాశ' అని ఉంది. ఆ మూత్రపిండాలు జీవితంలో ఏం ఆశించాయో మరి. ఇవి గల్లీ జర్నళ్లలో దొరికినవి మాత్రమే కావు. ఎల్సెవియర్ లాంటి పెద్దింటి ప్రచురణకర్తల పత్రికల్లోనూ దొరికాయి. వీటికి చిత్రహింసల పదాలని పేరు పెట్టారు.

'ఎద గండం' అని అచ్చులోకి వచ్చిందంటే అర్థమేమిటో ఒక్కసారి లెక్కేయండి. రాసినవాడు చదవలేదు. కింద పేర్లున్న అయిదుగురూ చదవలేదు. సమీక్షకులు చదవలేదు. ఎడిటర్ చదవలేదు. ప్రూఫులు దిద్దాల్సినవాడు చదవలేదు. ఆ వ్యాసాన్ని తమ వ్యాసాల కింద ఆధారంగా చూపించిన పండితులు సరేసరి. చివరికి పట్టుకున్నది కూడా మాటల కోసం జల్లెడ పట్టే ఒక ప్రోగ్రాము. మొత్తం ఈ వ్యాపారానికి పెట్టుబడి కాగితం కాదు, సిరా కాదు, ఇంటర్నెట్ కాదు. ఎవ్వరూ చదవరన్న గట్టి నమ్మకం.

మన పూర్వులకు దొంగతనమన్నా గౌరవం ఉండేది. వెయ్యేళ్ల కిందట రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో శబ్దహరణానికీ అర్థహరణానికీ అధ్యాయాలే కేటాయించాడు. ప్రతిబింబకల్పం, ఆలేఖ్యప్రఖ్యం, తుల్యదేహితుల్యం, పరపురప్రవేశసదృశం అని వరుసలు కట్టి, ఏది నీచమో ఏది మెచ్చదగ్గదో తూకం వేశాడు. ఒకడి భావాన్ని ఒళ్లు మార్చి తన కావ్యంలో కూర్చోబెట్టాలంటే ముందు అవతలివాడి కావ్యం చదవాలి, అర్థం కావాలి, పైగా సభలో కూర్చున్నవాళ్లు రెండూ చదివినవాళ్లు కాబట్టి పట్టుబడకుండా చేయడానికి ప్రతిభ కావాలి. ఇప్పటి దొంగకు ఆ బాధలేవీ లేవు. చదవకుండా ఎత్తుకొస్తాడు, చదవకుండా ఇచ్చేస్తాడు, చదవకుండా పుచ్చుకుంటారు. రాజశేఖరుడు ఉంటే దీనికి అయిదో వరుస కట్టేవాడు, పేరు తట్టక చచ్చేవాడు.

తెలుగు థీసిస్ అయితే ఇంకో సుఖముంది. యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో కొట్టిన తెలుగు కంటికి తెలుగే గానీ యంత్రానికి ఇంగ్లిషు అక్షరాల చెత్తకుప్పే. పేజ్‌మేకర్‌లో పేర్చిన పాత పుస్తకం, పేజీలు ఫొటో తీసి దాచిన లైబ్రరీ పుస్తకం, వీటిలోంచి ఎత్తుకుంటే పోల్చి చూడటానికి యంత్రం దగ్గర ఏమీ ఉండదు. "యూనికోడ్ వచ్చాకే సార్ మాకు పని పెరిగింది" అన్నాడు కుర్రాడు, వినయంగా.

ఇంటికొచ్చి మెయిలు తెరిచాను. నేనొకసారి ఆవకాయ మీద వ్యాసం రాశాను. అప్పట్నుంచీ వారానికోసారి నాకు ప్రేమలేఖలు వస్తున్నాయి. ప్రఖ్యాత ప్రొఫెసర్ గారికి శుభోదయమట, నా అమూల్య పరిశోధన చదివి వాళ్ల సంపాదకవర్గం పులకించిపోయిందట, తర్వాతి పత్రం తమ దంతవైద్య జర్నలుకు పంపాలట. ఆవకాయ టెంక కొరికితే పళ్లు కదలడం నిజమే కాబట్టి సంబంధం బొత్తిగా లేదనలేం. నాలుగు రోజుల్లో సమీక్ష, ఆరో రోజున ప్రచురణ. మా వీధి ఇస్త్రీ అతను నాలుగు చొక్కాలకు అంతకంటే ఎక్కువ టైము తీసుకుంటాడు, వాటినైనా ఒకసారి తిప్పి చూస్తాడు గనక.

ఈ విద్యలో మన హైదరాబాద్‌ పేరు సముద్రాలు దాటింది. ఇక్కడి నుంచి వందల జర్నళ్లు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష చేయిస్తామని చెప్పి చేయించడం లేదని, ఫీజు సంగతి ముందు చెప్పకుండా వ్యాసం తీసుకున్నాక బిల్లు పంపుతున్నారని, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు సదస్సుల ప్రకటనల్లో వేసుకుంటున్నారని అభియోగాలు. సంస్థ అవన్నీ కాదంది. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. బిర్యానీకి, ముత్యాలకు, ఐటీకి పేరున్న ఊరికి ఇదో అదనపు కీర్తి. టూరిజం వాళ్లెందుకో వాడుకోవడం లేదు.

2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే జర్నలిస్టు తప్పుల తడక లాంటి ఒక మందుల పరిశోధనను కల్పించి, లేని సంస్థల చిరునామాలతో 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపాడు. 157 జర్నళ్లు కళ్లకద్దుకుని పుచ్చుకున్నాయి. ఆ వేటలో ఎక్కువ జర్నళ్లకు మకాం మన దేశమే. మరో రెండేళ్లకు పోలండ్ పరిశోధకులు అన్నా ఓ. షుస్ట్ అనే లేని మనిషిని సృష్టించి, ఆమెను ఎడిటర్‌గా వేసుకోమని 360 జర్నళ్లకు దరఖాస్తు పెట్టారు. 48 జర్నళ్లు వేసుకున్నాయి. పోలిష్ భాషలో ఆ పేరు కలిపి చదివితే మోసగాడు అని అర్థం. మన భాషలో శ్రీమతి మోసకారి గారు ప్రధాన సంపాదకురాలిగా పదవీ స్వీకారం చేశారన్నమాట. పేరైనా నిజం చెప్పింది, ఆ మండళ్లలో అది అరుదు.

దీన్నంతా ఎవరు పెంచారంటే, పెంచినవాళ్లు దొంగలు కారు, గుమాస్తాలు. 2010లో యూజీసీ అధ్యాపకుల ప్రమోషన్లకు మార్కుల పట్టిక తెచ్చింది, ఏపీఐ అన్నారు. వ్యాసానికిన్ని, పుస్తకానికిన్ని, సదస్సుకిన్ని. కళ్లద్దాలు పెట్టుకుని చదివి మంచిచెడ్డలు చెప్పడం కష్టం, గొడవలొస్తాయి, కోర్టుకెళతారు. లెక్కపెట్టడం సులువు. జున్ను ముంతలు లెక్కపెట్టే లెక్క అది, లోపల జున్నుందా సున్నముందా అనేది పట్టికలో లేని కాలమ్. ఆపై 2016లో థీసిస్ ఇవ్వాలంటే ఒక జర్నలు వ్యాసం, రెండు సదస్సు పత్రాలు తప్పనిసరి చేశారు. దేశమంతా ఒక్కసారిగా లక్షల చేతులు చాస్తే, అందులో పెట్టడానికి జర్నళ్లు పుట్టుకురావా? పుట్టాయి. 2017లో మంచి జర్నళ్ల జాబితా అని ఒకటి వేశారు. 2018 మేలో ఆ జాబితాలోంచే 4,305 జర్నళ్లను ఏరి పారేశారు. 2019లో కేర్ అని మరో జాబితా. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసి, ఏది మంచి జర్నలో ఎవరికి వారే తేల్చుకోండి అన్నారు. ఎలుకకు పిల్లి సాక్ష్యం.

పిల్లి అంటే గుర్తొచ్చింది. 2024లో అమెరికాలో ఒక పరిశోధకుడు మరొకాయనతో కలిసి, తనవాళ్లింటి పిల్లి లారీ పేరు మీద అర్థంపర్థం లేని వ్యాసాలు పుట్టించి, వాటిని ఉటంకించే ఇంకొన్ని వ్యాసాలు పుట్టించి, గూగుల్ స్కాలర్‌లో దాని సైటేషన్లను వంద దాటించాడు. సైటేషన్లు అమ్మే దుకాణాలు ఎలా పనిచేస్తున్నాయో చూపించడానికి ఆ పని చేశాడు. ఏపీఐ లెక్కన ఆ పిల్లికి మా ఊళ్లో ఏ పోస్టు దక్కేదో చెప్పి కొలువుల్లో ఉన్నవాళ్ల మనసు నొప్పించలేను.

మొన్న మా బామ్మర్ది ఫోన్ చేశాడు. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్.

"బావా, ఒక పేపరుంది. అయిదో పేరు ఖాళీ. నీది వేయించమంటావా?"

"దేనిమీదరా?"

"అది ఇంకా రాలేదు. పేర్లు ఫైనలయ్యాక పేపరు పంపుతారు."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అనే సామెతను నేను అతిశయోక్తి అనుకున్నాను ఇన్నాళ్లూ. అది ప్రచురణ విధానం. ఇందులో మొదటి పేరు బాల్కనీ, అయిదో పేరు నేల టిక్కెట్టు. రెండో పేరు ప్రిన్సిపాల్ గారిది, ఆయన అడగడు, ఇవ్వాలి. మూడోది ఛైర్మన్ గారి అబ్బాయిది, అమెరికాలో ఎంఎస్‌కు అప్లై చేస్తున్నాడు.

"ఒరే, నేను బీకామ్ కదరా."

"ఇంకా మంచిది. ఇంటర్‌డిసిప్లినరీ అవుతుంది."

"ఎవరైనా చదివి నన్నడిగితే?"

"ఎవరు చదువుతారు బావా! నేనే చదవను."

వాణ్ణి తిట్టడానికి నాకు మనసొప్పలేదు. వారానికి ఇరవై గంటలు పాఠాలు చెప్తాడు. ఎండాకాలం వస్తే అడ్మిషన్లు పట్టుకురమ్మని ఊళ్లమీదికి తోలతారు, కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉన్నాయి, జీతం రెండు నెలలు వెనక ఉంది. ల్యాబులో ఉన్న యంత్రం తనిఖీకి వచ్చినప్పుడు దుప్పటి తీసి చూపించేదే. ఆ మనిషిని పట్టుకుని ఏడాదికి రెండు అంతర్జాతీయ పరిశోధనలు చేయమంటే ఏం చేస్తాడు? ఎప్పుడు చేస్తాడు? వాడి చేత అబద్ధమాడించి, దొరికినరోజు వాడొక్కడినే దొంగ అనడానికి ఒక కమిటీ వేస్తారు. ఆ కమిటీలో ప్రిన్సిపాల్ గారుంటారు. రెండో పేరు.

ఎవరు చదువుతారు అనే ప్రశ్నకు ఒక జవాబు జర్మనీలో ఉంది. యోఆహిమ్ బోల్ట్ అని పెద్ద పేరున్న మత్తుమందు డాక్టరు. ఆపరేషన్లప్పుడు నరంలోకి ఎక్కించే హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్ ద్రవాల మీద గుట్టలకొద్దీ వ్యాసాలు రాశాడు. 2009లో వచ్చిన ఒక వ్యాసాన్ని కొందరు పాఠకులు నిజంగానే చదివారు. రోగుల రక్తపరీక్షల అంకెలు మరీ కుదురుగా, ఒకే అచ్చులో పోసినట్టున్నాయే, మనుషుల ఒళ్లు ఇలా ఉండదే అని ఎడిటర్‌కు ఉత్తరాలు రాశారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఇప్పటికి ఆయన వ్యాసాలు రెండువందలకు పైగా వెనక్కి తీసుకున్నారు. 2013లో ఆయన లెక్కలు తీసేసి మిగతా పరిశోధనలను మళ్లీ కూడితే, ప్రాణాపాయంలో ఉన్న రోగుల్లో ఆ ద్రవం మరణాలను పెంచుతోందని తేలింది. అంతకాలమూ ఎన్ని దేశాల ఐసీయూల్లో ఎన్ని మంచాల పక్కన ఆ బాటిళ్లు వేలాడాయో. ఎద గండం అని చదివి నవ్విన నోటితోనే ఇదీ చెప్పుకోవాలి.

మనవైపు చదవాల్సినవాళ్లు ఎలా చదువుతారో చెప్పాలంటే వైవా చూడాలి. పొద్దున పదకొండుకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు కారు దిగుతారు. ఆ కారు, ముందురోజు రాత్రి గెస్ట్‌హౌస్, భోజనాలు, శాలువా, అన్నీ స్కాలర్ ఖర్చే. శాలువా కప్పుకున్నాక ఆయన థీసిస్‌ని చేత్తో బరువు చూసి, మధ్యలో ఒకచోట తెరిచి, ఒక ముద్రారాక్షసం పట్టుకుని, చదివానని రుజువు చేసుకుంటారు. తర్వాత ప్రశ్న: "ఈ అంశాన్నే ఎందుకు ఎంచుకున్నారమ్మా?" ఎంచుకున్నది గైడు గారు, గైడు గారికి ఎంచిపెట్టింది వాళ్ల గైడు గారు. ఒక రచయిత మీద పరిశీలన అయిపోతే అనుశీలన, అదీ అయిపోతే వివేచన. అమ్మాయి గొంతు సవరించుకునేలోగా బయట విస్తరాకులు వేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ అమ్మాయే ఒకవేళ ఏడాదిపాటు ఊళ్లు తిరిగి, ముసలమ్మల పాటలు రికార్డు చేసుకొచ్చిన పిల్లయితే? ఆమెకూ అదే ప్రశ్న, అదే శాలువా, అదే డిగ్రీ. కాకపోతే ఆమెకు రెండేళ్లు ఆలస్యం, ఈలోగా పోస్టు పది వందల పడగల ఆయనకు వెళ్లిపోయి ఉంటుంది.

ఇప్పుడు షాపు కుర్రాడి పొట్ట కొట్టడానికి చాట్‌జీపీటీ వచ్చింది. 2024లో ఎల్సెవియర్ వారి ఒక జర్నల్లో వచ్చిన వ్యాసం మొదటి వాక్యమే, మీ అంశానికి తగిన పరిచయం ఇదిగో అని యంత్రం తన యజమానికి వినయంగా విన్నవించుకున్న మాట. దాన్నీ అలాగే అచ్చేశారు. పనిమనిషి చేత ఉత్తరం రాయించుకుని, "అయ్యగారూ, రాసేశానండి" అన్న ముక్కతో సహా పోస్టు చేసినట్టు.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఆ షాపు ముందునుంచి వెళుతున్నాను. కుర్రాడు పిలిచాడు.

"సార్, ఎనిమిదికి దిగింది. కానీ ఒక డౌటు సార్. రెండో చాప్టర్లో ఈయన ఆ నవలలో అత్తగారు చచ్చిపోయిందని రాశాడు. అయిదో చాప్టర్లో అదే అత్తగారు కోడల్ని తిడుతుంది. ఏది కరెక్టు సార్?"

ఈ గ్రంథాన్ని మొదట్నుంచీ చివరిదాకా చదివినవాడు భూమ్మీద వీడొక్కడే అని అప్పుడు తట్టింది. ఎంతవరకు చదువుకున్నావని అడిగాను. డిగ్రీ సెకండియర్‌లో మానేశాడట. మా మాటల మధ్యలోనే పెద్దమనిషి వచ్చాడు. కుర్రాడు అత్తగారి సంగతి ఆయన్నీ అడిగాడు.

"అదెవరు చూస్తారయ్యా! బైండింగ్ కానీ. రేపు సబ్మిట్ చేయాలి."

నల్ల రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలు పేర్చడానికి కుర్రాడు అచ్చులు తీశాడు. సిద్ధాంత దాకా పేర్చి ఆగాడు.

"సార్, గ్రంథం అంటే 'థ'కి పొట్టలో చుక్క ఉండాలి కదా?"

ఆయన నావైపు చూశాడు. నేను షాపు బోర్డువైపు చూశాను.

"ఉన్నా లేకపోయినా ఒకటేలే" అన్నాడాయన.

"చుక్కకి వేరే డబ్బులు లేవు సార్" అని కుర్రాడు వేళ్లతో వెతికి, చుక్క ఉన్న అచ్చు తీసి పెట్టాడు.